కోత పండగలో దేవదానం సారు పుస్తకం

మా ఊరి యేసయ్య గుళ్ళో కోత పండగ నాడు కోడిపుంజును చంకన పెట్టుకొచ్చేవాళ్ళుంటారు, గుమ్మడికాయను భుజాన మోసుకొచ్చేవాళ్ళుంటారు, తొలికోత వేరుశనగ కాయలను కొంగులో మూటగట్టి తెచ్చేవాళ్ళుంటారు. పుస్తకం తెచ్చిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన మా హైస్కూలు తెలుగు మాస్టరు దేవదానం సారు.

సారుది కడప పక్క. ఆలూరు మీదుగా వచ్చే బస్సు మా ఊళ్ళోనే వెనక్కి తిరుగుతుంది, ఇక ముందుకు దారి లేదు. బదిలీ మీద వచ్చే మాస్టర్లు చాలామంది ఆ బస్సు తిరిగే లోపలే మళ్ళీ ఎక్కేద్దామా అన్నట్టు చూస్తారు. దేవదానం సారు మాత్రం దిగి, డ్రైవరుకు దండం పెట్టి, "దేవుడు ఈడిదాకా దారి ఏసినాడంటే ఈడ నాకేదో పని పెట్టినాడు" అన్నారట. ఆయన భార్య మార్తమ్మ, "పని పెట్టేది ఆయన, సామాన్లు మోసేది నేను" అన్నదట. ఈ రెండో మాట సారు ఎప్పుడూ చెప్పలేదు, ఆమే చెప్పింది.

కోత పండగంటే మాకు పెద్ద సంబరం. పంట ఇల్లు చేరాక అందులో మొదటి భాగం తెచ్చి గుళ్ళో పీఠం ముందర పెడతాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అన్నిటినీ బయటి పందిట్లోకి తెచ్చి వేలం వేస్తారు. వచ్చింది గుడి ఖర్చులకూ లేనివాళ్ళ ఇళ్ళకూ పోతుంది. వేలానికి అన్ని కులాలవాళ్ళూ, సాయిబులూ, ఊరు ఊరంతా వస్తుంది. గుళ్ళో పెట్టిన గుమ్మడికాయ పులుసు తింటే ఏడాదంతా కడుపునొప్పి రాదని మా ఊరి నమ్మకం. అట్లాంటిదేమీ లేదని అయ్యగారు ఏటా చెబుతారు. ఏటా గుమ్మడికాయల ధర పెరుగుతుంది.

వేలం పిలిచేది కంబన్న. ఆయన మా సంఘం మనిషి కాదు. శనివారం ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టనిదే ముద్ద ముట్టడు. కానీ మార్కెట్టులో వేరుశనగ వేలాలు పిలిచి పిలిచి రాటుదేలిన గొంతు. "దేవుడిచ్చిన గొంతు దేవునికి కాక ఎవరికప్పా" అంటూ ఏటా ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చేస్తాడు. కోళ్ళ కాళ్ళకు కట్టిన తాడు బిగుసుకుపోయి ఉంటే, పాట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని వదులు చేస్తాడు.

సారు వచ్చిన మొదటి ఏడాది, అందరూ ఏదో ఒకటి మోసుకుపోతుంటే ఆయన చేతులూపుకుంటూ వచ్చి సిగ్గుపడ్డారు. సెంటు భూమి లేదు, కోడి లేదు. గబగబా ఇంటికి పోయి ఒక పుస్తకం తెచ్చి పీఠం ముందర పెట్టారు. "నేను చేసే సేద్యం ఇదే" అన్నారు. అయ్యగారు మెచ్చుకున్నారు. పక్కన ఉన్న పెట్టకోడి కూడా మెచ్చుకుని ప్రార్థన అయ్యేదాకా ఆ పుస్తకం మీదే కూర్చుంది.

వేలంలో పుస్తకం చేతికి రాగానే కంబన్న గొంతు తడబడింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, అరచేతిలో తూచి, "అరకేజీ పైనే ఉంటాదప్పా! పాడండి!" అన్నాడు. ఎవరూ నోరు తెరవలేదు. సారుకు ఒక అలవాటుంది. తరగతిలో అడిగిన ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పకపోతే ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేరు, తనే చెప్పేస్తారు. ఇక్కడా అంతే. తన పుస్తకాన్ని తనే పాడుకుని, చంకన పెట్టుకుని ఇంటికి పోయారు.

రెండో ఏడు ఇంకో పుస్తకం. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ సారే. తప్పు పుస్తకం ఎంపికలో ఉందనుకున్నారాయన. ఒక ఏడు పంటల పుస్తకం తెచ్చారు. ఒక ఏడు పశువుల వైద్యం. ఒక ఏడు నవ్వించే కథలు. ఎవరూ పాడలేదు. మా వీధి చివర ఉండే భీమక్క, మేకలు కాసే మనిషి, ఏటా అరిచేది: "ఏం సారూ, నీ కోడి మళ్ళా నీ గూటికే వచ్చినాదే!" సారు కూడా నవ్వేవారు. ఇంటికి పోయాక మాత్రం ఆ పుస్తకాన్ని అలమారలో పెడుతూ, "పాపం, దీనికి ఈ ఊళ్ళో సంబంధం కుదర్లేదు" అని పెళ్ళికూతురు తండ్రి మాదిరి నిట్టూర్చేవారని మార్తమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

ఆయన పిచ్చి రెండే. ఒకటి పుస్తకాలు, రెండోది బస్సులు. ఎండాకాలం సెలవులు ఇస్తే చాలు, మనుషులు నీడకు చేరే కాలంలో ఆయన సంచి తగిలించుకుని పల్లెవెలుగు బస్సెక్కేవారు. ఎక్కగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. "బస్సు బాగా పోవాలనా సార్?" అని ఎవరో అడిగితే, "కిటికీ పక్క సీటు దొరకాలని" అన్నారట. బనగానపల్లె పోతే మామిడిపండు తినకుండా, తోట కాపలావాళ్ళ పిల్లలకు కథలు చెప్పి వచ్చారు. కడపలో ఉగాది నాడు వెంకన్న గుడికి, అల్లుడి ఇంటికి పోయినట్టు, టెంకాయ పట్టుకుని వచ్చే సాయిబుల కుటుంబాలతో పాటు వరసలో నిలబడి, "వీళ్ళు ఎవరింటికి పోతాండారో చూద్దామని" ముందుదాకా పోయి వచ్చారు. అయ్యగారు కొంచెం ఇబ్బందిగా చూశారు. సారు అన్నారు: "అయ్యగారూ, మన సీమలో వానలు తక్కువ. అందుకే మనుషులు ఒకరి బావికి ఒకరు పోయి నీళ్ళు తోడుకోవడం నేర్చుకున్నారు. నేను చూసింది అదే. నా ప్రభువు నాకుండాడు, ఆయన నన్ను చూడొద్దనలేదు." అయ్యగారు ఆలోచించి, ఆ ముక్కను మూడు వారాల తర్వాత ప్రసంగంలో వాడుకున్నారు. పేరు చెప్పలేదు. సారు ముందు వరసలో కూర్చుని, ఎంతో కొత్తగా విన్నట్టు తలూపారు.

పోయిన ఏడాది కోత పండగకు ముందు మాకందరికీ తెలిసింది, సారు వచ్చే ఎండాకాలంలో రిటైరవుతున్నారని. కడపలో కూతురు నిస్సీ నర్సుగా చేస్తుంది. అక్కడికే పోతారు. అంటే ఇదే ఆయనకు మా ఊళ్ళో చివరి కోత పండగ. సారు ఈసారి ఏ పుస్తకం తేవాలో నిర్ణయించుకున్నారు. ఎవరో ఒకాయన దేశమంతా కాలినడకన తిరిగి రాసిన యాత్రా పుస్తకం. సారు చేసిన ప్రతి బస్సు ప్రయాణంలోనూ సంచిలో ఉండేది అదే. అట్ట ఊడిపోతే అల్లాబక్ష్ చారల పరుపు గుడ్డతో కొత్త అట్ట కుట్టి ఇచ్చాడు. అల్లాబక్ష్ పరుపులు కుట్టే మనిషి, సారు ఇంటి గోడకు ఆనుకున్న ఇల్లు.

పండగకు ముందటి సాయంత్రం సారు అల్లాబక్ష్ దగ్గర మనసు విప్పారు.

"అల్లాబక్షూ, ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో చదువు చెప్పినా. పోయేలోపల నా పుస్తకం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఈ ఊళ్ళో ఎవరింట్లోనన్నా ఉండిపోవాలప్పా. అది జరక్కుంటే నేను ఈడ చేసిన సేద్యం ఏముండాది? అంత కానిదైపోయినాదా పుస్తకం? ఒక్కరన్నా పాడరే!"

అల్లాబక్ష్ చేతిలోని సూది ఆగిపోయింది.

"అదేంది సార్? మీ మొక్కు గదా అది?"

"మొక్కేంది?"

"మీరు మొక్కుబడి పెట్టుకోని ఏటా మీ పుస్తకం మీరే పాడుకుంటాండారని ఊరంతా అనుకుంటాంటే!"

సంగతి ఏమిటంటే, మా ఊళ్ళో ఒక పద్ధతుంది. బిడ్డకు జబ్బు నయమైతే ఈ కోడిని దేవుడికిస్తానని ఎవరైనా మొక్కుకుంటే, దాన్ని పీఠం ముందర పెట్టి, వేలంలో మళ్ళీ వాళ్ళే పాడుకుని ఇంటికి తీసుకుపోతారు. ఆ కోడిని కోయరు. దీవెన కింద ఇంట్లో తిరుగుతుంది. అట్లాంటి దానిమీద పక్కవాళ్ళు పాట పెంచడమంటే తింటున్నవాడి ముందర కంచం లాగినంత తప్పు. మొదటి ఏడాది సారు గబుక్కున తన పుస్తకం తనే పాడుకునేసరికి, పాపం సారుకేదో మొక్కు ఉందని ఊరంతా అనుకుంది. ఆ రోజు నుంచీ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, నోరు మూసుకుని, ఆయన మీద గౌరవం చూపిస్తూ వచ్చాం. అందులో నేనూ ఉన్నాను.

"నాకు ఆ కథల పుస్తకం మీద శానా ఆశ ఉండె సార్," అన్నాడు అల్లాబక్ష్. "నోరు తెరిచేలోపల మా ఇంటామె బీబమ్మ తొడ గిల్లింది. సారు మొక్కు చెడగొడతావా అని."

 సారు నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే రేపు నేనే అందరికీ చెప్తా," అన్నారు.

"నేను ఊళ్ళో చెప్తా లేండి సార్, ఒక్క నిమిషం పని."

"వద్దప్పా. నువ్వు చెప్తే అడుక్కున్నట్టు ఉంటాది. నేను చెప్తే పాఠం మాదిరి ఉంటాది."

ఈ సంగతి విని మార్తమ్మ, "పాఠమా? అయితే అయిపోయినట్టే" అన్నదట.

పండగ నాడు ప్రార్థన అయ్యాక అయ్యగారు సారుకు ఐదు నిమిషాలు ఇచ్చారు. చెప్పాల్సిన మాట ఒక్కటే: నాకు మొక్కు లేదు, నా పుస్తకం ఎవరైనా పాడుకోండి. కానీ ఆయన మాస్టరు గదా, దేన్నైనా మొదటినుంచి చెప్పనిదే ఊరుకోరు. రాయచోటి దగ్గర బస్సు తప్పిపోయిన రోజు నుంచి మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్క గుడిసె, ముక్కూ మొగం తెలియని ఒక ముసలామె. ఊరు అడగలేదు, పేరు అడగలేదు, కులం అసలే అడగలేదు. చాప పరిచి, తనకోసం చేసుకున్న సంగటి ముద్దను రెండుగా విరిచి, ఊరిబిండి పచ్చడి వేసి ఆయన ముందర పెట్టింది.

"ప్రభువు రొట్టె విరిచినాడని ప్రతి ఆదివారం వింటాం," అన్నారు సారు. "విరిచేది ఎట్లుంటాదో నేను ఆ పొద్దు చూసినా. ఆ తల్లి పెద్ద ముక్క నాకు పెట్టింది. ఈ పుస్తకం... ఆ పొద్దు నా సంచిలో ఉన్నది ఈ పుస్తకమే..."

అంతే. పుస్తకం మీద చేయి పెట్టి నిలబడిపోయారు. కళ్ళలో నీళ్ళు. ఐదు నిమిషాలు అయిపోయాయి. అసలు మాట నోట్లోనే ఉండిపోయింది. అయ్యగారు ఆమెన్ అనేశారు.

ఊరికి అర్థమైంది ఒక్కటే. సారుకు ఆ పుస్తకం ప్రాణం. మొక్కు మామూలు మొక్కు కాదు.

వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, కోళ్ళు పోయాయి, జొన్నకంకులు పోయాయి. కంబన్న పుస్తకాన్ని రెండు చేతులతో పైకెత్తాడు. "చారల చొక్కా ఏసుకోని వచ్చినాదప్పా ఈసారి పెండ్లికొడుకు! పాడండి!" అని సారు వైపు చూశాడు. ఊరంతా సారు వైపు చూసింది. సారు నేల వైపు చూశారు. ఈసారి చచ్చినా పాడనని ఒట్టు పెట్టుకున్నారు మరి.

"ఒకటోసారి!" అని కంబన్న ఆగాడు. "సార్, పాడు సార్," అన్నాడు మెల్లగా. సారు పెదవులు బిగించారు.

"రెండోసారి!" కంబన్నకు చెమటలు పట్టాయి. "సార్, గుటకలు మింగుతాండావేంది, పాడరాదా? మొక్కు పోతాది!"

జనంలో గుసగుసలు లేచాయి. సారు దగ్గర దుడ్లు లేవేమో అన్నారొకరు. ఏడుపు గొంతులో పాట రావడంలేదన్నారు ఇంకొకరు. అల్లాబక్ష్ నోరు తెరవబోయాడు. అప్పుడే వెనకనుంచి భీమక్క లేచింది. "నేను పాడతాండా!" అని పెట్టకోడి ధర ఒకటి అరిచింది.

"ఓసి భీమక్కా, నీకేం పోయేకాలమే!" అన్నాడు వేరుశనగ వ్యాపారి మహానంది. "సారు మొక్కు మీద పడతావా?" ఆమె చేతిలోకి పోనీయకూడదని ఆయన ఇంకాస్త పెంచాడు. భీమక్కకు రోషం వచ్చింది. "నువ్వెవడయ్యా మధ్యన దూరేకి!" అని తనూ పెంచింది. ఇంకెవరో ఎందుకో పెంచారు. చూస్తుండగానే పుస్తకం పెట్టకోడిని దాటి, పుంజును దాటి, పొట్టేలు పిల్ల దగ్గరికి పోయింది.

సారు మొహం చూడాల్సింది అప్పుడు. ఆ మొహంలో దీపావళి ఉంది, క్రిస్మస్ ఉంది, రంజాన్ నెలవంక ఉంది. "చూసినావా మార్తా," అన్నారు భార్య చేయి పట్టుకుని, "నా పుస్తకానికి పోటీ!" మార్తమ్మ మాత్రం జనం వైపు చూస్తూ ఉంది. ఆమెకు మనుషులు తెలుసు.

మూడోసారి భీమక్క పేరు మీద పడింది. ఆమె గర్వంగా జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, కంబన్న చేతిలోంచి పుస్తకం తీసుకుని, కళ్ళకద్దుకుని, నేరుగా వచ్చి సారు ఒళ్ళో పెట్టింది.

"తీస్కో సారూ. మేమంతా ఉండంగ నీ మొక్కు యాడికి పోతాది?"

ఊరంతా చప్పట్లు కొట్టింది. మహానంది కూడా, "నేనూ దానికేనమ్మో పాడింది!" అని కొట్టాడు. సారు మొహంలోని పండగలన్నీ ఒక్కసారిగా అయిపోయాయి.

"నాకొద్దు భీమక్కా," అన్నారు.

చప్పట్లు ఆగిపోయాయి. భీమక్క మొహం చిన్నబోయింది. "పేదది ఇచ్చినాదని వద్దంటాండావా సారూ?"

"అయ్యో, అది కాదు తల్లీ!" సారు లేచి నిలబడ్డారు. ఇక ముందుమాట, వెనకమాట ఏమీ లేకుండా ఒక్క గుక్కలో చెప్పేశారు. "నాకే మొక్కూ లేదు. మొదటి ఏడాది ఎవరూ పాడకుంటే సిగ్గై నేను పాడుకున్నా. ఎవరన్నా నా పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోతారేమోనని ఏటా తెస్తాండా. అంతే."

కంబన్న నెత్తిమీద చేయి పెట్టుకున్నాడు.

"ఈ ముక్క," అంది భీమక్క నడుము మీద చేయి పెట్టి, "మొదటి ఏడాదే చెప్పేకి ఏం రోగం? చదువుకున్నోళ్ళు ఇట్లే. ఊరంతా తిరిగొచ్చి ఇంటి ముందర తప్పిపోతారు." జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా మార్తమ్మ నవ్వింది.

"ఇప్పుడు చెప్పినా గదా. ఇది నీది. ఉంచుకో," అని సారు పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"నాకు అక్షరం ముక్క రాదు. ఉంచుకోని ఏం చేసేది? మేకలకు చదివి చెప్పేదా?" భీమక్క పుస్తకాన్ని తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది. "నాదే అంటావు గదా? ఖరారేనా?"

"ఖరారే."

"అయితే నా పుస్తకాన్ని నువ్వొచ్చి నాకు చదివి చెప్పు. పొద్దు గూకినాక రా. మేకలు తోలుకొచ్చి కట్టేసుంటా."

మరునాటి నుంచి సాయంత్రాలు భీమక్క ఇంటి ముందరి కట్టమీద సారు కూర్చునేవారు, ఆడవాళ్ళు వేరుశనగ కాయలు ఒలుస్తూ చుట్టూ కూర్చునేవాళ్ళు. పుస్తకం భీమక్క తీసి ఇస్తేనే సారు తెరవాలి, అయిపోగానే ఆమెకే ఇవ్వాలి. దాన్ని ఆమె జొన్నల కుండమీద బోర్లించిన చాటమీద పెట్టుకునేది. సారు సొంతంగా పేజీ మూల మడిచారని ఒకరోజు కోప్పడింది కూడా.

పుస్తకం రాసినాయన కొండలూ నదులూ వర్ణించినచోట సారు గొంతు సవరించుకుని చదివేవారు. భీమక్క ఆవలించేది. "కొండలు మాకూ ఉండాయి సారూ. ఆయప్ప పొద్దున్నుంచి నడుస్తాండాడు గదా, ఏమన్నా తిన్నాడా లేదా?" సారు పేజీలు తిప్పి వెతికి, ఒక ఊళ్ళో ఎవరో మజ్జిగ ఇచ్చారని చదివితే, "ఆ! అదీ!" అని చుట్టూ ఉన్నవాళ్ళంతా ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఎవరింట్లో తిన్నాడు, వాళ్ళది ఏం పంట, ఆ ఇల్లాలు బాగుందా అని ఎన్ని ప్రశ్నలో. పుస్తకం రాసినాయన అవన్నీ రాయలేదని సారు చెబితే, "అదేంది, అన్నం పెట్టినామె పేరు రాయకుండా కొండ పేరు రాసినాడా!" అని ఆడవాళ్ళంతా ఆ పెద్దమనిషిని తిట్టారు. అన్నేళ్ళుగా ఆ పుస్తకం చదువుతున్నా తనకా ప్రశ్న తట్టలేదని, ఆ రాత్రి ప్రార్థనలో రాయచోటి ముసలామె పేరు కోసం వెతుక్కున్నానని, ఆమె పేరు అడగలేదని గుర్తొచ్చి తల దించుకున్నానని సారు నాతో చెప్పారు.

కాయలు అయిపోయి చింతపండు కాలం వచ్చింది. ఒలిచిన చింతపండుకు గింజ తీస్తూ కూర్చునేవాళ్ళు ఇంకా పెరిగారు. అల్లాబక్ష్ పని ముగించుకుని వచ్చేవాడు. వ్యాపారం మానుకుని మహానంది కూడా రెండుసార్లు వచ్చాడు, ఊరికే ఇటు పోతూ ఆగినట్టు.

ఒకరోజు సారుకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఈ రోజు చదవలేనని చెప్పి రావడానికి మఫ్లరు చుట్టుకుని బయల్దేరారు. మలుపు దగ్గరికి రాగానే చదువు వినిపించింది. అల్లాబక్ష్ గొంతు. దడదడా చదువుతున్నాడు.

"నిదానంగా చదువు అల్లాబక్షూ," అంటోంది భీమక్క. "ఆయప్ప కాళ్ళతో నడిచి పోతాండాడు, నీ మాదిరి మోటరుసైకిల్లో కాదు."

"అక్కా, ఈడ ఏట్లో నీళ్ళొచ్చినాయి, తొందరగా దాటాల!"

"అయితే దాటించు. దాటినాక నిదానంగా పో."

సారు మేకల దొడ్డి పక్కన చీకట్లో నిలబడ్డారు. ఎవరూ ఆయన్ను చూడలేదు, ఎవరూ ఆయన కోసం చూడటం లేదు కూడా. ఏరు దాటేదాకా విని, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి వచ్చేశారు.

"ఏం, అప్పుడే వచ్చేసినారు? చదువు లేదా ఈ పొద్దు?" అంది మార్తమ్మ.

"జరుగుతాంది," అన్నారు సారు ఆ పోయిన గొంతుతోనే. "ఎవరు చదువుతాండారు?" అంటే, "వాళ్ళే" అని, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. జలుబు చేసిన మనిషి రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు.

"రేపు పోతారా మరి?"

"పోతా. వినేకి."

"మీరు వినేకి!" అంది మార్తమ్మ, మజ్జిగ పోస్తూ. "అట్లయితే నేనూ వస్తా, చూసేకి."